బుడ్డోడి గొంతు

ఫిబ్రవరి 2, ఆదివారం

నిన్నటి ప్రోగ్రాం బాగానే జరిగింది. బాగానే అంటే జనం చప్పట్లు కొట్టారు, ఫంక్షన్ వాళ్ళు మళ్ళీ పిలుస్తామన్నారు. నిచ్చెన పాటలో ఆఖరి మెట్టు దగ్గర మా బుడ్డోడి గొంతు ఒక్క క్షణం చీలింది. ఎవరూ గమనించలేదు. నేను వెంటనే కీబోర్డు మీద అదే స్వరాన్ని గట్టిగా నొక్కి కప్పేశాను. ఇన్నేళ్ళుగా ఇదే కూడు తింటున్నవాణ్ణి, ఆ మాత్రం కప్పడం రాకపోతే ఎలా.

హాల్లో ఏసీ మరీ ఎక్కువ పెట్టారు. అదీ కారణం. పిల్లాడు పాడతాడు, కాస్త తగ్గించండి బాబూ అని మేనేజరుకి ముందే చెప్పాను. "అలాగే సార్" అన్నాడు. మళ్ళీ కనిపిస్తే ఒట్టు.

ఇంటికి వచ్చాక వేడినీళ్ళలో ఉప్పు వేసిచ్చి పుక్కిలించమన్నాను. పుక్కిలించాడు. మంచి పిల్లాడు.

ఫిబ్రవరి 6, గురువారం

ఉప్పునీళ్ళు. తేనె. మళ్ళీ ఉప్పునీళ్ళు.

ఫిబ్రవరి 9, ఆదివారం

నిన్న ప్రోగ్రాం మొదలయ్యే ముందు కీబోర్డు మీద శృతి మార్చే బటన్ ఒకసారి నొక్కాను. నా వేళ్ళు ఎప్పుడూ కొట్టే చోటే కొడతాయి, వినిపించే పాట మాత్రం ఒక మెట్టు కిందికి దిగుతుంది. వాడికి చెప్పలేదు. చెబితే లేనిపోని భయం పట్టుకుంటుంది. పైగా శృతి దించడం తప్పేమీ కాదు, పెద్ద పెద్ద గాయకులకే దించుతారు.

హాయిగా పాడేశాడు. ఆఖరి మెట్టు మీద ఊపిరి ఉన్నంతసేపూ నిలబడ్డాడు. భోజనాల బల్లల దగ్గర చేతులు ఆగిపోయాయి. ఆ పాట కోసమే మమ్మల్ని పిలుస్తారు, దాచుకోవడమెందుకు. నేను కట్టిన పాటే. వీడికి ఆరేళ్ళప్పుడు మేడమెట్లు ఎక్కుతూ "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని ఎగిరేవాడు, అందులోంచి వచ్చింది. ఒక్కో లైనుకీ ఒక్కో మెట్టు పైకి పోతుంది. అందరికీ తెలుసు ఆఖరున ఏం వస్తుందో, అయినా కాచుకుని కూర్చుంటారు. బ్యానరు మీద నా పేరు ఎవడికి కావాలి, "బుల్లి గొంతు" అని పెద్ద అక్షరాలతో వేస్తే చాలు.

చూశావా, పోయిన వారం గొంతు చీలింది ఏసీ వల్లే.

ఫిబ్రవరి 16, ఆదివారం

బటన్ ఇంకోసారి నొక్కాను.

ఫిబ్రవరి 20, గురువారం

క్లాసులో ఎవరిదో పుట్టినరోజట, ఐస్‌క్రీం తిన్నాడట. నేనేమీ అనలేదు.

కొంచెం అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

నిన్న స్టేజీ వెనకాల తల దువ్వుతుంటే తెలిసింది, నేను వంగడం లేదు. ఎప్పటినుంచి వంగడం మానేశానో గుర్తులేదు. పై పెదవి మీద మురికిలా ఏదో కనిపిస్తే కర్చీఫుతో రుద్దాను. "నాన్నా, నొప్పి" అన్నాడు. పోలేదు. కాస్త పౌడరు అద్దాను. లైట్ల కింద తెలియలేదు.

ఇవాళ పొద్దున మా ఆవిడ వాడి ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని అంచులు విప్పుతోంది. కళ్ళజోళ్ళ కొట్లో పని తనది, వారానికి ఒక్క సెలవు, ఆ సెలవునాడు కూడా ఏదో ఒకటి విప్పుతూనో కుడుతూనో ఉంటుంది.

"ఏసీ అన్నారు, ఐస్‌క్రీం అన్నారు, మొన్న మైకు పాడైందన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస" అంది.

"నిజంగానే మైకు పాడైంది."

"ఈ ప్యాంటు చూడండి. ఈ ఏడు ఇది రెండోసారి విప్పడం. ఇక విప్పడానికి గుడ్డ లేదు."

"ప్యాంటుకీ గొంతుకీ ఏంటి సంబంధం?"

దారం కొరికి నా మొహం చూసింది. "మీకే తెలియాలి" అంది.

మా ఆవిడకి సంగీతం తెలియదు. ఆ సంగతి పెళ్ళిచూపులప్పుడే చెప్పింది, దాచలేదు.

మార్చి 1, శనివారం

క్లబ్బు సెక్రటరీ పిలిచాడు. ఎండాకాలం సీజను మొత్తం, ప్రతి శుక్రవారం సాయంత్రం, మేమిద్దరమే. ఇన్నాళ్ళూ ఒక్కో ఫంక్షనూ ఏరుకుంటూ తిరిగినవాడికి ఇది మామూలు కబురు కాదు. ఈ నెలాఖరు శుక్రవారం మొదలు.

"పిల్లాడు ఉంటాడుగా?" అన్నాడు.

"ఉంటాడండీ."

"ఉండాలి మరి. వట్టి కీబోర్డు మాకెందుకండీ, మా మేనల్లుడి ఫోన్లో దానికంటే బాగా వస్తుంది మ్యూజిక్కు."

నవ్వాను. ఇంటికి వచ్చి చెప్పాను. మా ఆవిడ "వాడిని అడిగారా?" అంది. వాడిని అడిగేదేముంది, వాడి కోసమే కదా ఇదంతా. వాడు పుట్టినప్పుడు ఆర్కెస్ట్రాతో ఊళ్ళు తిరగడం మానేశాను. పొద్దున్నే వాడు లేచేసరికి ఇంట్లో ఉండాలని. ఇప్పటికీ స్పీకర్లు నేనే మోస్తాను, వాడిని ఒక్క వైరు కూడా ఎత్తనివ్వను. వాడి స్టేజీ చొక్కా నేనే ఇస్త్రీ చేస్తాను, గోళ్ళు నేనే తీస్తాను. ఇంకా ఏం అడగాలి?

సంతోషంగా ఉండాల్సిన రోజు. ఏమీ అనిపించడం లేదు. అలసటేమో.

మార్చి 3, సోమవారం

నిన్నటి ప్రోగ్రాం సంగతి. రాయకపోయినా ఫర్వాలేదు, కానీ రాస్తాను.

శృతి నాలుగు మెట్లు దించి పెట్టాను. అయినా అందలేదు. ఆఖరి మెట్టుకి రెండు మెట్ల ముందే వాడి గొంతు విరిగి, ఒక్కసారిగా ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఇంకో గొంతు బయటపడింది. ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. దాని పక్కన ఇంకో పిల్ల. ఆ తర్వాత పెద్దవాళ్ళు కూడా, ముద్దుగా అన్నట్టు నవ్వారు.

బుడ్డోడు నా వైపు చూశాడు.

నేను కీబోర్డు వైపు చూశాను.

పాట పూర్తి చేశాను. నేను, కీబోర్డు మీద. వాడు మైకు పట్టుకుని నిలబడ్డాడు.

దారిలో ఆకలేస్తోందా అని అడిగాను. లేదని తల ఊపాడు.

మార్చి 6, గురువారం

గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దం పెట్టి చూశాడు, లైటు వేసి చూశాడు, ఆ అనమన్నాడు, ఈ అనమన్నాడు. ఆఖరికి నవ్వాడు.

"ఇది జబ్బు కాదండీ, వయసు. మీకూ వచ్చిందిగా ఒకప్పుడు."

"మందేదైనా..."

"దీనికి మందేంటండీ. పై స్వరాల్లో మాత్రం బలవంతంగా పాడించకండి. ఇప్పుడు లాగి లాగి పాడించారంటే రేపు ఆ గొంతూ ఉండదు, ఈ గొంతూ ఉండదు. మామూలుగా మాట్లాడనివ్వండి, నవ్వనివ్వండి, అరవాలనుకుంటే అరవనివ్వండి. దాని దారి అది చూసుకుంటుంది."

బుడ్డోడు నవ్వాడు. చాలా రోజులకి.

మొత్తానికి డాక్టరు జబ్బేమీ లేదన్నాడు. అంటే విశ్రాంతి ఇస్తే సర్దుకుంటుంది. విశ్రాంతి అంటే పాడకపోవడం ఒక్కటే కాదు, అసలు వాడకపోవడం. ఇంటికి రాగానే చెప్పాను, ఇవాళ్టినుంచి మాటలు బంద్ అని. ఏదైనా కావాలంటే పలక మీద రాసి చూపించాలి. వాడి చిన్నప్పటి పలక అటక మీద ఉంటే దింపి తుడిచి ఇచ్చాను.

మా ఆవిడ "డాక్టరు అలా అన్నాడా?" అని అడిగింది.

"విశ్రాంతి అన్నాడు" అన్నాను.

బుడ్డోడు మా ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాడు. నోరు తెరవబోయి మూసుకున్నాడు. వాడికి నా మాటంటే గురి.

మార్చి 9, ఆదివారం

నిన్నంతా పాత పెన్‌డ్రైవులు వెతికాను. దొరికింది. వాడికి పదకొండేళ్ళప్పుడు ఇంట్లో సాధన చేస్తుంటే రికార్డు చేసింది, నిచ్చెన పాట మొదటినుంచి చివరిదాకా. ఎంత శుభ్రంగా ఉందో. ఆఖరి మెట్టు మీద గాజుగ్లాసు అంచు తాకినట్టుంది.

దాన్ని కీబోర్డులోకి ఎక్కించాను. ఒక మీట నొక్కితే చాలు. వాడు మైకు పట్టుకుని పెదాలు కదిపితే సరి, మైకు ఆపేసే ఉంచుతాను. గొంతు సర్దుకునేదాకానే.

ఇది మోసం కాదు. ఇంకొకరి గొంతు పెడితే మోసం. ఇది వాడి గొంతే.

వాడికి వినిపించాను. మొత్తం విన్నాడు. పలక మీద రాశాడు: "ఇది నేను కాదు."

"మరెవడ్రా?" అన్నాను.

కాసేపు చూసి తుడిచేశాడు.

సాయంత్రం అద్దం ముందు సాధన చేయించాను. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో గుర్తు పెట్టుకుని అక్కడ భుజాలు కొంచెం ఎత్తమన్నాను. ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోలేదు.

మార్చి 16, ఆదివారం

నిన్న మొదటిసారి అలా చేశాం. ఒక్కరికీ అనుమానం రాలేదు. పెదాలు పాటతో ఎంత బాగా కలిశాయంటే నాకే ఒక చోట వాడు నిజంగా పాడుతున్నాడనిపించింది. నేను వాయిస్తున్నాను, వాడు పాడుతున్నాడు, ఎప్పటిలాగే.

దిగుతుంటే ఒకావిడ బుగ్గ పట్టుకుంది. "ఏదమ్మా, ఒక్క మాట మాట్లాడు, ఎంత తియ్యగా ఉంటుందో వింటాను." వాడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. "గొంతు నొప్పండీ" అన్నాను. "అంతసేపు పాడితే నొప్పి కాదూ పాపం" అందావిడ.

పౌడరు ఇప్పుడు కాస్త ఎక్కువ వేయాల్సి వస్తోంది.

మార్చి 19, బుధవారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మార్చి 21, శుక్రవారం

మా ఆవిడకి కోపం వస్తే గిన్నెలు మాట్లాడతాయి. పొద్దున్నే గిన్నెలన్నీ మాట్లాడాయి, ఆఖరికి తనే వచ్చింది.

"ఎన్నాళ్ళండీ ఇది?"

"ఏది?"

"నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఏది అని అడుగుతారేం? పళ్ళు తోముకుంటూ కూడా రాగాలు తీసేవాడు. ఇప్పుడు ఇల్లు శ్మశానంలా ఉంది. పిల్లాడు నీళ్ళు కావాలంటే బలపం వెతుక్కుంటున్నాడు."

"సీజను అయ్యేదాకా."

"అయ్యాక?"

"అయ్యేసరికి సర్దుకుంటుంది."

"ఏం సర్దుకుంటుంది? వాడు మళ్ళీ పదకొండేళ్ళవాడవుతాడా?"

నేను స్పీకరు వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. వైరు సరిగ్గా చుట్టకపోతే లోపల తెగిపోతుంది, బయటికి కనిపించదు. ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరికీ పట్టదు.

ఆవిడ వెళ్ళిపోయాక చూస్తే బుడ్డోడు తలుపు దగ్గర ఉన్నాడు. అంతా విన్నాడేమో. దా అని పిలిచి గోళ్ళు తీశాను. చెయ్యి నా చేతిలో పట్టడం లేదు, అంత పెద్దదైంది.

మార్చి 24, సోమవారం

బడి వదిలాక వాడు నేరుగా ఇంటికి రావడం లేదు. వాళ్ళమ్మ కొట్టుకి పోతున్నాడు. ఇద్దరూ కలిసి వస్తున్నారు. దారిలోనే కదా, ఉండనీ.

వీధి మలుపు దగ్గర ఇద్దరూ నవ్వుకుంటూ వస్తున్నట్టు కిటికీలోంచి కనిపిస్తుంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మామూలే.

మార్చి 27, గురువారం

రేపే క్లబ్బు. ఆంప్లిఫయర్ గురగురమంటోంది, పొద్దున్నే రిపేరుకి ఇవ్వాలి. చొక్కా ఇస్త్రీ అయింది. భుజాల దగ్గర బిగుతుగా ఉంది కానీ చేతులు పైకెత్తకపోతే ఫర్వాలేదు.

బుడ్డోడు పలక మీద ఏదో చాలా రాసి తెచ్చాడు. చేతిలో సోల్డరింగ్ వైరు ఉంది. తర్వాత చూస్తాలేరా అన్నాను. తర్వాత పలక బల్ల మీద ఉంది కానీ తుడిచేసి ఉంది.

మార్చి 28, శుక్రవారం, మధ్యాహ్నం

రిపేరు కొట్లో కూర్చుని రాస్తున్నాను. మెకానిక్ ఆంప్లిఫయర్ పొట్ట విప్పి కూర్చున్నాడు, ఇంకో గంట పడుతుందంటున్నాడు. సాయంత్రం బడి దగ్గరికి వెళ్ళి బుడ్డోడిని ఎక్కించుకుని అటునుంచి అటే క్లబ్బుకి.

ఇప్పుడే ఎవడో రాంగ్ నంబరు. "నాన్నా, నేనూ..." అంటున్నాడు. బరువైన గొంతు, ఇరవై ఏళ్ళ కుర్రాడై ఉంటాడు. "బాబూ, రాంగ్ నంబరు, సరిగ్గా చూసి కొట్టుకో" అని పెట్టేశాను.

కాసేపటికి మళ్ళీ వాడే. "నాన్నా, సరేలే, వస్తాను" అన్నాడు. వీడెక్కడి మొద్దురా బాబూ. "నేను మీ నాన్నని కాదయ్యా" అన్నాను. అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. వాడే పెట్టేశాడు.

మెకానిక్ పగలబడి నవ్వాడు. "పోన్లే అన్నా, ఊరికే ఒక కొడుకు దొరికాడనుకో, పెంచిన ఖర్చు కూడా లేదు" అన్నాడు. నేనూ నవ్వాను.

మంచి గొంతు, చెప్పొద్దూ. అలాంటి గొంతులో కింది స్వరాలు బాగా పలుకుతాయి. ఎవరి పిల్లాడో.

మార్చి 29, శనివారం

నిన్న సాయంత్రం బడి దగ్గరికి వెళితే గేటు మూసి ఉంది. వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ్టితో పరీక్షలైపోయాయి కదండీ, మధ్యాహ్నమే వదిలేశారు."

"మా వాడేడీ?"

"ఏ అబ్బాయి?" చెప్పాను. "ఓ, ఆ పొడుగబ్బాయా? మీకే కదండీ ఫోన్ చేసింది, నా ఫోన్లోంచి. రెండుసార్లు చేశాడు. ఏమైందిరా అంటే, రాంగ్ నంబరంటున్నారంకుల్ అన్నాడు."

ఫోను తీసి చూపించాడు. నా నంబరే. రెండుసార్లు.

ఆ ఫోన్ వచ్చినప్పుడు రిపేరు కొట్లో చప్పుడేమీ లేదు. నేను రాసుకునేది నేనే చదువుతాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. సోల్డరింగ్ చేస్తున్నాడని ఫ్యాను కూడా ఆపేశారు. ఫోను సరిగ్గా వినిపించింది. ఒక్కో మాటా వినిపించింది.

కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళాను. ముందు గదిలో ఎవరూ లేరు. వెనక గదిలో, అద్దాలు అరగదీసే చోట, కర్టెను అవతల మాటలు. ఒక మగవాడు ఎవరో పరీక్ష హాలు కబుర్లు చెబుతున్నాడు. పంతులుగారు ముక్కుతో ఎలా మాట్లాడతారో చేసి చూపిస్తున్నాడు. అద్దాలు అరగదీసే ముసలాయన "ఓరి భడవా" అంటున్నాడు. మా ఆవిడ నవ్వుతోంది. తను అలా నవ్వగా విని ఎన్నాళ్ళయిందో. నాకు తెలియని మనిషెవరో మా ఆవిడని నవ్విస్తున్నట్టుంది. కర్టెను పట్టుకుని అక్కడే నిలబడ్డాను. లోపలికి వెళ్ళాలనిపించలేదు, వెళ్ళకూడదనీ అనిపించలేదు.

కర్టెను తీశాను.

నన్ను చూడగానే ఆపేశాడు. మాట సగంలో ఆపేశాడు. వంగి సంచిలోంచి పలక తీశాడు.

"మాట్లాడరా" అన్నాను.

మాట్లాడలేదు. ముసలాయన అద్దాన్ని లైటుకి పెట్టి చూసుకుంటున్నాడు, చూసిందే చూస్తున్నాడు.

"వద్దన్న నోటితోనే ఇప్పుడు మాట్లాడమంటే ఎలాగండీ" అంది మా ఆవిడ. కోపంగా కూడా అనలేదు.

వాడు రాశాడు: "టైమైందా?"

"నువ్వు రావద్దులే" అన్నాను.

తుడిచి మళ్ళీ రాశాడు: "కోపమా?"

లేదన్నాను.  రాలేదు. వచ్చేశాను.

క్లబ్బులో సెక్రటరీ గుమ్మం దగ్గరే ఎదురయ్యాడు. "పిల్లాడేడండీ?"

"పెద్దవాడయ్యాడండీ."

"అదేంటండీ, మొన్నటిదాకా చిన్నవాడేగా?"

"అవునండీ. మొన్నటిదాకా."

ఎగాదిగా చూశాడు. పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "పోనీ ఆ రికార్డు ఉందిగా, అది వేసేయండి. పిల్లాడికి ఒంట్లో బాలేదని చెబుదాం."

"ఏ రికార్డు?"

"భలేవారే. మొన్న మా బావమరిది ఇంట్లో ఫంక్షన్లో అందరం చూశాంగా. పాట అంత చిన్నపిల్లాడిది, నిలబడ్డవాడికేమో మీసాలొస్తున్నాయి. పోనీలే, సరదాగా ఉందని ఊరుకున్నాం. మీకు తప్ప అందరికీ తెలుసండీ."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడడం లేదనుకుంటుందట. పిల్లికి పాలైనా దక్కుతాయి.

రికార్డు వేయలేదు. వట్టి కీబోర్డు వాయించాను. జనం తింటున్నారు, మాట్లాడుకుంటున్నారు, పిల్లలు కుర్చీల మధ్య పరిగెడుతున్నారు. నిచ్చెన పాట ఎవరో అడిగారు. రాదన్నాను. సీజను సంగతి మళ్ళీ చూద్దాంలెండి అన్నాడు సెక్రటరీ. దాని అర్థం నాకు తెలుసు. ఏమీ అనిపించలేదు. స్పీకర్లు ఎత్తి బండిలో పెట్టుకున్నాను.

మార్చి 30, ఆదివారం

వాడు మేడ మీద బూట్లు తుడుచుకుంటున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. పలక తీయబోయాడు. తీసుకుని నా వెనక పెట్టుకున్నాను.

"శుక్రవారం ఫోన్లో ఏం చెబుదామనుకున్నావ్రా?"

చాలాసేపు బ్రష్షు ఆడించాడు. తుడిచిన చోటే తుడిచాడు. నేనూ కదల్లేదు.

"ఇవాళ రానని చెబుదామనుకున్నా" అన్నాడు.

అదే గొంతు. నా పక్కన, నా కొడుకు మొహంలోంచి. ఇంకా కొంచెం అటూ ఇటూ ఊగుతోంది కానీ అడుగున గట్టిగా ఉంది.

"మరి మళ్ళీ ఎందుకు చేశావ్?"

"నువ్వు రాంగ్ నంబరన్నావ్ కదా. నేను రానంటానని నీకు ముందే తెలిసిపోయి, కోపంతో అన్నావనుకున్నా. అందుకే సరేలే, వస్తానని చెబుదామని మళ్ళీ చేశా." బూటు కింద పెట్టాడు. "అప్పుడు నువ్వు నేను మీ నాన్నని కాదన్నావ్."

ఇన్ని వారాల్లో నాకు ఏదో అనిపించడం ఇదే మొదటిసారి.

"గుర్తుపట్టలేదురా" అన్నాను. "ఒట్టు. నువ్వని తెలియలేదు."

నా వైపు చూసి నవ్వాడు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని చూసి నవ్వినట్టు. "నువ్వా నాన్నా? నువ్వు గుర్తుపట్టకపోవడమేంటి?"

"నిజంరా."

"వీధి చివర హారన్ వినిపిస్తే ఏ అంకుల్ స్కూటరో చెప్పేస్తావ్. గుంపులో నా దగ్గు విని పట్టుకునేవాడివి." మళ్ళీ బూటు తీసుకున్నాడు. "ఫర్వాలేదులే నాన్నా. కోపమొస్తే అందరూ ఏదో ఒకటి అంటారు. అమ్మ కూడా అంటుంది."

ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. కొట్లో చప్పుడు ఎక్కువగా ఉందని కూడా అబద్ధం చెప్పాను. దానికీ తలే ఊపాడు. వాడి లెక్కలో నేను వాడిని గుర్తుపట్టి, కావాలని, నేను మీ నాన్నని కాదన్నాను. అయినా నన్ను క్షమించేశాడు. నా చెవుల మీద వాడికి అంత నమ్మకం.

మా ఆవిడకి చెప్పాను. స్టవ్ ఆపింది. నా మొహం చూసి ఏమనుకుందో, కుర్చీ లాగి కూర్చోబెట్టింది. "మాట్లాడుతూ ఉండండి వాడితో" అంది. "రోజూ. ఏదో ఒకటి."

సాయంత్రం కిందికి వచ్చాక, బూట్లు బాగా మెరుస్తున్నాయిరా అన్నాను. "ఆఁ" అన్నాడు.

ఏప్రిల్ 1, మంగళవారం

వాడు స్నానాలగదిలో ఏదో పాడుకుంటున్నాడు. కింది స్వరాలు. నా పాట కాదు. తలుపు దగ్గరికి వెళ్ళలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఇవాళ మధ్యాహ్నం ఏదో తెలియని నంబరు మోగింది. ఎత్తి "చెప్పు నాన్నా" అన్నాను.

అవతల కొంచెంసేపు చప్పుడు లేదు. "సార్?" అన్నాడెవరో కుర్రాడు. ఏదో ఇన్సూరెన్సు కంపెనీ అట.

పెట్టేయలేదు. చెప్పమన్నాను. అతను చెప్పుకుంటూ పోయాడు. మొత్తం అయ్యేదాకా విన్నాను.